క్లబ్ మూడో టీమ్‌కి రగ్బీ కోచింగ్: టీవీలో చూసే పద్ధతులు మనకి ఎంతవరకు పనికొస్తాయి?

దక్షిణ_గోళం · #1

అందరికీ నమస్తే. న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఉంటాను. మా అబ్బాయి ఆడే క్లబ్బులోనే పెద్దవాళ్ల మూడో టీమ్‌కి ఈ సీజన్ నుంచి అసిస్టెంట్ కోచ్‌గా చేస్తున్నాను. జీతం లేదు, క్లబ్బు పేరున్న జాకెట్ ఒకటి ఇచ్చారు. చిన్నప్పుడు విజయనగరంలో నేను ఆడింది వాలీబాల్. రగ్బీ మాత్రం ఇక్కడికొచ్చాక, పిల్లాడి వెంట గ్రౌండ్‌కి పోయి పోయి ఒంటబట్టింది. రగ్బీస్మార్ట్ కోర్సు చేశాను. ఇక్కడ కోచ్‌లు ఏటా చేయాల్సిన సేఫ్టీ కోర్సు అది.

విషయం ఏంటంటే, మా హెడ్ కోచ్ ప్లంబింగ్ పని చేస్తాడు. మంచి మనిషి, ఆటంటే పిచ్చి. శనివారం రాత్రి టీవీలో ఏ టీమ్ ఏ ఎత్తు వేస్తే మంగళవారం మాకు అదే ప్రాక్టీస్. లైనవుట్‌కి (బంతి పక్క గీత దాటాక మళ్లీ లోపలికి విసరడం) డజను దాకా కాల్స్, అంటే బంతి ఎక్కడికి వేయాలో చెప్పే రహస్య సంకేతాలు, పెట్టాడు. పోయిన మ్యాచ్‌లో బంతి విసరాల్సిన మా హుకర్ దాన్ని పట్టుకుని నిలబడి, కాల్ విని, మా వైపు తిరిగి "అంటే ఏది?" అని అడిగాడు. అవతలి టీమ్ లాక్ (లైనవుట్‌లో ఎగిరి బంతి అందుకునేవాడు) నవ్వుతూ "ముందు విసురు బ్రో, ఏదో మేమూ చూస్తాం" అన్నాడు.

ప్రాక్టీస్ మంగళ, గురువారాలు సాయంత్రం ఆరున్నరకి. జూన్, జులై ఇక్కడ చలికాలం, పైగా వాన. ఫ్లడ్‌లైట్లు గ్రౌండ్‌కి ఒకవైపే వెలుగుతాయి. లిస్టులో ఇరవై మూడు పేర్లుంటే సగం మంది వస్తే గొప్ప. ఒకడికి నైట్ షిఫ్ట్, ఒకడి పాపకి జ్వరం, ఒకడు అసలు ఫోనే ఎత్తడు. ప్రొఫెషనల్ టీమ్ కోచ్‌ల కష్టాలు వేరే రకమా, లేక ఇవే పెద్ద సైజులో ఉంటాయా? వాళ్ల దగ్గర్నుంచి ఏం తీసుకోవచ్చు, ఏం తీసుకోకూడదు? తెలిసినవాళ్లు చెప్పండి.

బెంచ్_బాబాయ్ · #2

సగం మంది వస్తున్నారా? మా అపార్ట్‌మెంట్ క్రికెట్ టీమ్ కోచ్‌గా చెప్తున్నా, మీరు చాలా అదృష్టవంతులు.

వీడియో_గది · #3

ఇంగ్లండ్‌లో ఒక ప్రొఫెషనల్ క్లబ్బులో వీడియో అనలిస్ట్‌గా పనిచేస్తున్నాను. పేరు చెప్పను, ఉద్యోగం ముఖ్యం. లోపల్నుంచి చూసింది చెప్తాను.

మా దగ్గర ప్రాక్టీస్‌కి ఎవరొస్తారు అన్న ప్రశ్నే లేదు, అది వాళ్ల ఉద్యోగం. సోమవారం పొద్దున ఆటగాళ్లు వచ్చేసరికి ఎవరి క్లిప్పులు వాళ్లకి రెడీగా ఉండాలి. ఫ్లాంకర్ (స్క్రమ్ పక్కల ఉండేవాడు) అయితే వెళ్లిన ప్రతి రక్ (నేల మీది బంతి కోసం తోపులాట), చేసిన ప్రతి ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం), కిందపడి లేచి మళ్లీ లైన్‌లోకి రావడానికి పట్టిన సెకన్లు, అన్నీ. మంగళవారం గట్టి ప్రాక్టీస్, బుధవారం సెలవు, గురువారం మళ్లీ ప్రాక్టీస్, శుక్రవారం తేలికగా కెప్టెన్స్ రన్, శనివారం మ్యాచ్. స్క్రమ్‌కి (రెండు టీమ్‌ల ఎనిమిదేసి మంది తలలు వంచి బంతి కోసం తోసుకోవడం) ఒక కోచ్, డిఫెన్స్‌కి ఒకరు, అటాక్‌కి ఒకరు, ఫిట్‌నెస్‌కి వేరే బృందం.

ఇన్ని ఉన్నా హెడ్ కోచ్‌కి నిద్ర ఉండదు. స్క్వాడ్‌లో నలభై మంది పైచిలుకు ఉంటే మ్యాచ్‌కి దిగేది 23. మిగిలినవాళ్లూ ఆట వచ్చినవాళ్లే, ఇంటి లోన్లు కట్టుకునేవాళ్లే. వరుసగా ఆడకపోతే వచ్చే కాంట్రాక్టులో కోత పడుతుంది. టీమ్ పేర్లు చదివిన రోజు మీటింగ్ గదిలో వెనక వరుసలో కూర్చున్న వాళ్ల మొహాలు చూడలేం. ఒకడు నోట్‌బుక్ తెరిచి ఏమీ రాయకుండా పెన్ను తిప్పుతుంటాడు. మధ్యాహ్నానికి వాడి ఏజెంట్ నుంచి ఫోన్. సిక్స్ నేషన్స్ (యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే టోర్నీ) మొదలైతే మంచివాళ్లంతా దేశం టీమ్‌కి పోతారు, లీగ్‌లో పాయింట్లు మాత్రం క్లబ్ కోచ్ ఖాతాలోనే పోతాయి.

పైగా డబ్బు గొడవ. 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్, మూడు పెద్ద క్లబ్బులు అప్పులతో కుప్పకూలి ఇక్కడి పెద్ద లీగ్ ప్రీమియర్‌షిప్ నుంచి పోయాయి. జీతం పడుతుందో లేదో తెలియని వారంలో డిఫెన్స్ గురించి క్లాస్ చెప్పాల్సిన కోచ్ పరిస్థితి ఊహించుకోండి.

నా లెక్క ఇది: మీ ఆటగాడు క్లబ్బుకి ఫీజు కడతాడు, మా ఆటగాడికి క్లబ్బు జీతం ఇస్తుంది. మిగతా తేడాలన్నీ అక్కడే పుడతాయి. ఫీజు కట్టినవాణ్ణి మీరు సీజనంతా బెంచ్ మీద కూర్చోబెడితే వాడు పక్క క్లబ్బుకి పోతాడు, లేదా శనివారాలు చేపలు పట్టుకోవడానికి పోతాడు.

గచ్చిబౌలి_హుకర్ · #4

వీడియో_గది అన్నా, ఈ ఫీజు–జీతం లెక్క న్యూజిలాండ్‌కి, ఇంగ్లండ్‌కి సరిపోతుంది. మా దగ్గర మూడో రకం ఉంది. హైదరాబాద్‌లో కాలేజీ అమ్మాయిలకి, అబ్బాయిలకి సెవెన్స్, అంటే ఏడుగురేసి ఆడే రగ్బీ, నేర్పిస్తున్నాను. వాళ్లు ఫీజూ కట్టరు, వాళ్లకి జీతమూ రాదు. సర్టిఫికెట్ కోసం వస్తారు. 2020లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో రగ్బీ కూడా చేరింది. స్టేట్ టీమ్‌కి, నేషనల్స్‌కి ఎంపికైతే రేపు ఏదో ఒక దారి దొరుకుతుందని ఆశ. అంటే ఆట అమెచ్యూర్, టెన్షన్ మాత్రం ప్రొఫెషనల్.

నాకు కోచ్‌గా అసలు కష్టం ఇంటివాళ్లతో. అమ్మాయి మోచేతికి చిన్న గీత పడితే చాలు, మర్నాడు వాళ్ల నాన్న గేటు దగ్గర నిలబడి ఉంటాడు. "సార్, మొహం మీద తగిలితే రేపు సంబంధాలు ఎట్ల వస్తయి?" అని సూటిగా అడుగుతాడు. ఆయన్ని మెల్లగా గ్రౌండ్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించి ఒక గంట ప్రాక్టీస్ చూపిస్తాను. పడేటప్పుడు ఎట్లా పడాలో నేర్పించడం కళ్లారా చూశాక సగం మంది మెత్తబడతారు. మిగతా సగం మంది కూతురిని మళ్లీ పంపరు. ఈ గంట ఏ కోచింగ్ మాన్యువల్‌లోనూ ఉండదు.

గ్రౌండ్ కూడా మాది కాదు. ఫుట్‌బాల్ వాళ్లు పోయాక, వాకింగ్ వాళ్లు వచ్చేలోపు దొరికిందే టైమ్.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్ జరిగింది కదా, హైదరాబాద్ హీరోస్ కూడా ఆడింది. ఆరు టీమ్‌లు, సెవెన్స్. ఫిజీ, న్యూజిలాండ్, అర్జెంటీనా ఆటగాళ్ల పక్కన మన ఒడిశా, బెంగాల్, మహారాష్ట్ర పిల్లలు. చెన్నై బుల్స్ గెలిచింది, దాని కోచ్ బెన్ గోలింగ్స్ ఇంతకుముందు ఫిజీ సెవెన్స్‌కి కోచ్. ఒలింపిక్స్ ఆడినవాడూ, ఏడాదికి నాలుగు టోర్నీలు మాత్రమే దొరికేవాడూ ఒకే టీమ్‌లో ఉంటే కోచ్ ఎవరి స్థాయిలో మాట్లాడాలి? నాకు దక్షిణ_గోళం గారి ప్రశ్నకంటే ఇదే పెద్ద చిక్కుగా కనిపిస్తోంది.

పాత_స్కోర్‌బోర్డ్ · #5

ఈ డబ్బు గొడవ కొత్తది కాదండీ, రగ్బీని రెండు ముక్కలు చేసిందే అది. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆడాలంటే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇవ్వండి అంటే పెద్దమనుషులు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఇరవైకి పైగా క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది. ఇటువైపు మిగిలిన రగ్బీ యూనియన్ సరిగ్గా వందేళ్లు మడి కట్టుకుని, 1995 ఆగస్టులో పారిస్ మీటింగ్‌లో జీతాలకి తలుపు తీసింది.

అంటే 1995కి ముందు గొప్ప కోచ్‌లంతా దక్షిణ_గోళం గారి బాపతే, జీతం లేనివాళ్లే. కార్విన్ జేమ్స్‌ని తీసుకోండి. వేల్స్‌లో కాలేజీ లెక్చరర్. 1971లో బ్రిటిష్ లయన్స్‌ని (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్లు కలిసిన టీమ్) న్యూజిలాండ్ తీసుకెళ్లి టెస్ట్ సిరీస్ గెలిపించాడు. న్యూజిలాండ్‌లో లయన్స్ గెలిచిన ఒకే ఒక్క సిరీస్ ఇప్పటికీ అదే. ఆయన తన దేశం వేల్స్‌కి మాత్రం ఒక్కసారీ కోచ్ కాలేదు. టీమ్ ఎంపిక తన మాట ప్రకారం జరగాలన్నాడు, సెలెక్షన్ కమిటీ వాళ్లకి నచ్చలేదు.

ఇంకో సంగతి. జీతాలు వచ్చాక పైకొచ్చిన పెద్ద కోచ్‌లలో ఎంతమంది స్కూలు మాస్టర్లో చూడండి. న్యూజిలాండ్‌కి 2011 వరల్డ్ కప్ గెలిపించిన గ్రాహం హెన్రీ ఆక్లాండ్‌లో హెడ్‌మాస్టర్. ఐర్లండ్‌కి కోచ్‌గా చేసిన జో ష్మిట్ ఇంగ్లీష్ టీచర్. జపాన్‌కి, ఇంగ్లండ్‌కి కోచ్‌గా చేసిన ఎడ్డీ జోన్స్ టీచరుగా మొదలై ప్రిన్సిపాల్ అయ్యాడు. హెన్రీ తర్వాత న్యూజిలాండ్‌కి కోచ్ అయిన స్టీవ్ హాన్సెన్ పోలీసు అనుకోండి, అది వేరే రకం క్రమశిక్షణ. నలభై మంది పిల్లల్లో ఎవడికి అర్థం కాలేదో మొహం చూసి పట్టుకోవడం వీళ్లకి క్లాస్‌రూమ్‌లోనే అబ్బింది.

వీడియో_గది · #6

స్కోర్‌బోర్డ్ గారూ, పాత రోజుల మీద ప్రేమ ఉండొచ్చు గానీ, ఇవాళ టీచర్ గుణం ఒక్కటీ చాలదు. న్యూజిలాండ్ దేశం టీమ్ ఆల్ బ్లాక్స్‌కి కోచ్‌గా చేసిన ఇయాన్ ఫాస్టర్ సంగతి చూడండి. 2022లో ఆల్ బ్లాక్స్ సొంతగడ్డ మీద ఐర్లండ్‌కి సిరీస్ పోగొట్టుకున్నారు, సొంతగడ్డ మీదే మొదటిసారి అర్జెంటీనా చేతిలో ఓడారు. 2023 మార్చిలో, అంటే వరల్డ్ కప్‌కి ఆరు నెలల ముందే, తర్వాతి కోచ్ స్కాట్ రాబర్ట్‌సన్ అని బోర్డు ప్రకటించేసింది. పోతాడని ఊరంతా తెలిసిన మనిషి అదే టీమ్‌ని ఫైనల్ దాకా తీసుకెళ్లి 12–11తో, ఒక్క పాయింట్ తేడాతో ఓడాడు. ఆ ఆరు నెలలు డ్రెస్సింగ్ రూమ్‌లో మాట చెల్లుబాటు అవ్వాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలి? ఏ క్లబ్ మూడో టీమ్ కోచ్‌కీ ఈ పరీక్ష రాదు. అతను మానేస్తానంటే బతిమాలి ఉంచుకుంటారు.

దక్షిణ_గోళం · #7

అది మాత్రం నిజం. పోయినేడు మా హెడ్ కోచ్ మానేస్తానంటే కమిటీ వాళ్లు ఇంటికి బీర్ కేసుతో వెళ్లారట.

ఇంకో ఇబ్బంది చెప్పడం మరిచాను, స్క్రమ్‌లో ముందు వరుస, అంటే ఇద్దరు ప్రాప్‌లు, వాళ్ల మధ్యలో హుకర్. రూల్ ప్రకారం 23 మందిని పెట్టుకుంటే ప్రాప్, హుకర్ స్థానాల్లో ఆడగలిగేవాళ్లు ఆరుగురు ఉండాలి. పదిహేను మందే ఉంటే కనీసం ముగ్గురు. మాకు నికరంగా ఉన్నది నలుగురు, అందులో ఒకడు కొరియర్ డ్రైవర్, శనివారం డ్యూటీ పడితే రాడు. ముందు వరుస వాళ్లు లేకపోతే రిఫరీ స్క్రమ్‌లో తోపులాట లేకుండా చేసేస్తాడు. బలంగా ఉన్న ఎవణ్ణో ఒకణ్ణి నిలబెడదామా అని మా హెడ్ కోచ్ ఆలోచన. నాకు భయంగా ఉంది.

మోకాలి_డాక్టర్ · #8

భయపడాల్సిందే. నేను స్పోర్ట్స్ ఫిజియోని, ఆస్ట్రేలియాలో క్లబ్ రగ్బీ మ్యాచ్‌లకి డ్యూటీ చేస్తుంటాను. బలం వేరు, స్క్రమ్‌లో మెడ నిలబెట్టడం వేరు. "క్రౌచ్, బైండ్, సెట్" అన్నాక ఎనిమిది మంది బరువు ఆ ముగ్గురి భుజాల మీదుగా ఎదురుగా ఉన్న ఎనిమిది మంది బరువుని ఢీకొంటుంది. నడుం వంగి తల కిందికి పోయిందంటే స్క్రమ్ కూలుతుంది, ప్రమాదమంతా మెడకే. ముందు ఒకరితో ఒకరు, తర్వాత ముగ్గురితో ముగ్గురు, తర్వాత స్క్రమ్ మెషీన్ మీద, ఆ తర్వాతే ఎనిమిది మందితో. కొన్ని వారాలు పట్టే పని. శనివారం పొద్దున తేలే విషయం కాదు. అలవాటు లేనివాణ్ణి దింపేకంటే తోపులాట లేని స్క్రమ్‌తో మ్యాచ్ ఓడిపోవడమే మేలు.

టీవీ చూసి నేర్పడంలో ఉన్న అసలు ప్రమాదం ట్యాకిల్ ఎత్తు. ఇంగ్లండ్‌లో 2023 జులై నుంచి కమ్యూనిటీ ఆటలో ట్యాకిల్ రొమ్ము ఎముక కింది అంచుకి దిగువనే పడాలి. న్యూజిలాండ్ క్లబ్ ఆటలోనూ ఆ ఏడాదే ఇలాంటి మార్పు తెచ్చారు. ప్రొఫెషనల్స్‌కి ఇప్పటికీ భుజాల గీత వరకు చెల్లుతుంది. టీవీలో శభాష్ అనిపించుకున్న ట్యాకిల్ మీ గ్రౌండ్‌లో పెనాల్టీ అవుతుంది, లేదా తలకి దెబ్బ.

తల దెబ్బ దగ్గర కూడా రెండు ఆటలకీ పోలిక లేదు. ప్రొఫెషనల్ మ్యాచ్‌లో అనుమానం వస్తే ఆటగాణ్ణి లోపలికి తీసుకెళ్లి డాక్టర్ పరీక్ష చేస్తాడు, స్క్రీన్ మీద రీప్లే చూస్తాడు, పాస్ అయితే మళ్లీ పంపుతాడు. క్లబ్ ఆటలో ఆ పరీక్షే లేదు. అనుమానం వచ్చిందా, బయటికి, అంతే. మీ దగ్గర రిఫరీ బ్లూ కార్డ్ చూపిస్తే కనీసం మూడు వారాలు ఆటకి దూరం. కోచ్‌కి అక్కడ వాదించే హక్కు లేదు, ఉండకూడదు కూడా.

చివరగా డబ్బు. న్యూజిలాండ్‌లో గాయమైతే ఏసీసీ (ప్రభుత్వ ప్రమాద బీమా సంస్థ) వాళ్లు సంపాదనలో 80 శాతం దాకా ఇస్తారు, కానీ మొదటి వారానికి ఇవ్వరు. ఆ వారం మీ కొరియర్ డ్రైవర్ సొంత సెలవులు వాడుకోవాలి, లేకపోతే అంతే సంగతులు. ప్రొఫెషనల్ ఆటగాడికి గాయమైతే అతన్ని బాగుచేయడానికే ఒక బృందం ఉంటుంది. మీవాడు సోమవారం పొద్దున పార్సిల్ పెట్టెలు మోయాలి. ప్రాక్టీస్‌లో ఎవణ్ణి ఎంత గట్టిగా ఢీకొట్టించాలో ఆలోచించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కబడ్డీ_మాస్టారు · #9

నేను కృష్ణా జిల్లాలో హైస్కూల్ పీఈటీని. మా దగ్గర కబడ్డీ ఆడే పిల్లల్ని కొంతమందిని రగ్బీ జిల్లా టీమ్‌కి పంపాను, ఆ అనుభవం చెప్తాను.

కబడ్డీ పిల్లాడికి కింద పట్టడం పుట్టుకతో వచ్చినట్టే. చీలమండ పట్టు, తొడ పట్టు, ఆడుకున్నంత తేలిక. డాక్టర్ గారు చెప్పిన తక్కువ ఎత్తు ట్యాకిల్ మావాళ్లకి నేర్పక్కర్లేదు. చిక్కు ఆ తర్వాతే. కబడ్డీలో పట్టాక వదలకూడదు, వాడు గీత ముట్టకుండా బిగించి ఉంచాలి. రగ్బీలో పడేసిన మరుక్షణం వదిలి పక్కకి దొర్లాలి. మా పిల్లలు వదలరు! పడేసి, గట్టిగా కరుచుకుని, గర్వంగా రిఫరీ వంక చూస్తారు. రిఫరీ విజిల్ ఊది పెనాల్టీ అటు ఇస్తాడు. పిల్లాడు "నేను పట్టాను కద సార్!" అని నా మీదకి వస్తాడు.

దీనికి నేను చేసిన పని: ట్యాకిల్ చేసిన వెంటనే రెండు చేతులూ గాల్లోకి ఎత్తి చూపించి, దొర్లి, లేచి, పక్కనున్న కోన్ ముట్టుకుని రావాలి. వారం తిరక్కుండా ఒంటికి అలవాటు పడింది. ఈ ముక్క నేను ఏ పెద్ద టీమ్ వీడియోలోనూ చూడలేదు. వాళ్లకి ఈ జబ్బు లేదు కాబట్టి దీనికి మందూ లేదు. అమెచ్యూర్ కోచ్‌కి వచ్చే ప్రతి ఆటగాడూ వేరే చోటు నుంచి ఏదో అలవాటు మోసుకొస్తాడు. ముందు అదేంటో చూసుకోవాలి. దక్షిణ_గోళం గారూ, మీ మూడో టీమ్‌లో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో ఎప్పుడైనా అడిగారా?

దక్షిణ_గోళం · #10

అడగలేదు మాస్టారూ. నాకు తెలిసినంతలో సమోవా, టోంగా కుర్రాళ్లు చిన్నప్పటి నుంచీ ఆడినవాళ్లు. ఇద్దరు పంజాబీలు, వాళ్లలో ఒకడికి కబడ్డీ వచ్చు, మీరు చెప్పిన జబ్బు అక్షరాలా వాడిదే. ఇవాళ రాత్రే ఆ కోన్ పద్ధతి పెట్టిస్తాను.

ఫుల్‌బ్యాక్_15 · #11

నేను ఒక్కణ్ణే వ్యతిరేకం అనుకుంటా. మీరంతా "పాపం అమెచ్యూర్" అని జాలి చూపిస్తున్నారు. ప్రాక్టీస్‌కి రానివాడు శనివారం మొదటి పదిహేనులో ఉండకూడదు. అంతే, రూల్ అంటే రూల్. వానలో వచ్చి తడిసినవాడి సంగతి ఏంటి? వాణ్ణి బెంచ్‌లో పెట్టి, ఇంట్లో పడుకున్న స్టార్‌ని ఆడిస్తే తర్వాతి మంగళవారం ఎవరూ రారు. కాలేజీలో మా కోచ్ ఇలాగే రాని స్టార్‌ని ఆడించాడు, సీజన్ మధ్యలో టీమ్ సగం ఖాళీ అయింది.

గచ్చిబౌలి_హుకర్ · #12

ఫుల్‌బ్యాక్ బ్రో, ఇంట్లో పడుకున్నవాడూ డ్యూటీలో ఉన్నవాడూ ఒకటేనా? మా టీమ్‌లో ఒకమ్మాయి పొద్దున ఆరింటికి పాల ప్యాకెట్లు వేసి, కాలేజీకి పోయి, సాయంత్రం ట్యూషన్ చెప్తుంది. వారంలో ఒక్కరోజే వస్తుంది. వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ పరిగెత్తుతుంది. నీ రూల్ ప్రకారం ఆ అమ్మాయి ఎప్పటికీ బెంచ్‌మీదే.

నా పద్ధతి: రాలేకపోతే ముందుగా మెసేజ్ పెట్టాలి. పెట్టినవాళ్ల మీద ఏ శిక్షా లేదు. చెప్పకుండా ఎగ్గొట్టినవాళ్లు మొదటి సగం కూర్చుంటారు, ఎంత స్టార్ అయినా సరే. రూల్ నేను పెట్టలేదు, పిల్లలే కూర్చుని రాసుకున్నారు. అందుకే నిలబడింది.

పాత_స్కోర్‌బోర్డ్ · #13

ఇద్దరి మధ్యలో జపాన్‌ని పెడతాను. అక్కడ కంపెనీ టీమ్‌లు. 2022లో లీగ్ వన్ మొదలయ్యాక కూడా చాలా టీమ్‌లలో విదేశీ ప్రొఫెషనల్ స్టార్ పక్కన అదే కంపెనీలో ఉద్యోగం చేసే ఆటగాడు ఉంటాడు. పొద్దున టై కట్టుకుని ఆఫీసు, తర్వాత ప్రాక్టీస్. 2015 వరల్డ్ కప్‌కి ముందు ఎడ్డీ జోన్స్ జపాన్ టీమ్‌ని క్యాంపులో తెల్లవారుజామున ఐదింటికే గ్రౌండ్‌లోకి దింపేవాడు. రోజుకి మూడు నాలుగు సెషన్లు. ఆ కష్టంతోనే బ్రైటన్‌లో దక్షిణాఫ్రికాని 34–32తో ఓడించారు. అలాంటి శిక్షణ పెట్టాలంటే మనుషులు నెలల తరబడి నీ చేతిలో ఉండాలి. మంగళ, గురువారాల కోచ్ ఆ కథ చదివి ఉత్సాహపడొచ్చు, అందులోంచి టైమ్‌టేబుల్ తీసుకుంటే మాత్రం టీమ్ మిగలదు.

దానికంటే 2023లో పోర్చుగల్ నాకు ఎక్కువ నచ్చింది. కోచ్ పత్రిస్ లాజిస్కె, ఒకప్పటి ఫ్రాన్స్ వింగర్. ఆయన చేతిలో ఉన్నవాళ్లలో కొందరు ఫ్రాన్స్ క్లబ్బుల్లో జీతానికి ఆడేవాళ్లు, కొందరు లిస్బన్‌లో చదువులూ ఉద్యోగాలూ చేసుకుంటూ ఆడేవాళ్లు. గచ్చిబౌలి తమ్ముడు అడిగిన చిక్కే ఇది, ఒకే టీమ్‌లో రెండు రకాల జీవితాలు. తులూజ్‌లో ఫిజీని 24–23తో ఓడించి వరల్డ్ కప్‌లో తమ మొదటి గెలుపు సాధించారు. బరువులో పెద్ద టీమ్‌లకి సరితూగలేరు కాబట్టి వేగం మీద, పాస్ మీద ఆడారు. ఉన్నవాళ్లకి తగ్గ ఆట ఎంచుకున్నాడు కోచ్.

వీడియో_గది · #14

ఇందాక డాక్టర్ గారు ప్రాక్టీస్‌లో ఢీకొట్టడం గురించి అన్నారు, దానికో లెక్క ఉంది. 2021లో ఆటని నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ, ప్రొఫెషనల్ టీమ్‌లకి ఒక సూచన ఇచ్చింది: పూర్తి బలంతో ఢీకొట్టే ప్రాక్టీస్ వారానికి 15 నిమిషాలు మించకూడదు, అదీ రెండు రోజులకి మించి ఉండకూడదు. మీరు టీవీలో చూసే ఆ కండల మనుషులు వారంలో నిజంగా గుద్దుకునేది పావుగంట! మిగతాదంతా సగం వేగంతో, ప్యాడ్‌ల మీద, నడుస్తూ. మీ హెడ్ కోచ్ ప్రొఫెషనల్స్‌ని కాపీ కొట్టాలంటే ముందు ఇది కాపీ కొట్టమనండి.

మేం పెద్ద టీమ్‌లో కూడా లైనవుట్ కాల్స్‌ని మ్యాచ్ మ్యాచ్‌కీ తగ్గించుకుంటాం. ఎదుటి టీమ్‌ని చూసి ఆ వారానికి పనికొచ్చేవే ఉంచుకుంటాం. వారమంతా అదే పని చేసేవాళ్లకే తల తిరుగుతుంది. మీకు మూడు చాలు: ముందు, మధ్య, వెనక.

ముందు వరుస కొరత గురించి ఒక ఓదార్పు. 2023 వరల్డ్ కప్‌లో దక్షిణాఫ్రికాకి టోర్నీ మధ్యలో హుకర్ మాల్కం మార్క్స్ గాయపడితే, రాసీ ఎరాస్మస్ వాళ్లు అతని బదులు ఇంకో హుకర్‌ని పిలవలేదు, కిక్కర్ పొలార్డ్‌ని పిలిచారు. ఫైనల్ మొదలైన కాసేపటికే మిగిలిన అసలు హుకర్ ఎంబొనాంబీ కూడా మోకాలు పట్టుకుని బయటికి నడిచాడు. ఆ రోజుల్లో ఎక్కువగా ఫ్లాంకర్‌గా ఆడే డియాన్ ఫూరీ బెంచ్ మీంచి వచ్చి దాదాపు మ్యాచంతా హుకర్‌గా లాగించాడు. లైనవుట్‌లో ఇబ్బంది పడ్డారు, అయినా కప్పు కొట్టారు. కాకపోతే ఫూరీ కెరీర్‌లో చాలా ఏళ్లు ఆడింది హుకర్‌గానే. ఎవణ్ణో ఒకణ్ణి పట్టుకొచ్చి నిలబెట్టలేదు. మీ హెడ్ కోచ్‌కి కథ మొదటి సగం మాత్రమే చెప్పకండి.

మోకాలి_డాక్టర్ · #15

ఆ రెండో సగం చెప్పినందుకు థాంక్స్. లేకపోతే నేనే రాయాల్సి వచ్చేది.

ఫుల్‌బ్యాక్_15 · #16

గచ్చిబౌలి అక్క/అన్న, మెసేజ్ పద్ధతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ చెప్పకుండా ఎగ్గొట్టినవాడికి మొదటి సగం మాత్రమేనా? నేనైతే మ్యాచ్ మొత్తం కూర్చోబెడతాను.

గచ్చిబౌలి_హుకర్ · #17

అన్ననే. సెవెన్స్‌లో సగం అంటే ఏడు నిమిషాలు బ్రో. బయట నిలబడి చూసేవాడికి అదే యుగం.

దక్షిణ_గోళం · #18

అందరికీ చాలా థాంక్స్. నిన్న ప్రాక్టీస్ అయ్యాక హెడ్ కోచ్‌తో క్లబ్ హౌస్‌లో కూర్చుని ఇవన్నీ మాట్లాడాను. లైనవుట్ కాల్స్ మూడింటికి దించాం, ముందు మొహం మాడ్చుకున్నా ఒప్పుకున్నాడు. పావుగంట లెక్క చెప్తే నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూసుకుని "మరి వీళ్లు ఇంత గట్టిగా ఎలా కొడతారు?" అన్నాడు. వచ్చే వారం నుంచి మంగళవారం మెళకువలు మాత్రమే, ట్యాకిల్ ప్యాడ్‌ల మీదే. కోన్ ముట్టుకోవడం మా పంజాబీ కుర్రాడికి తెగ నచ్చింది, ఇప్పుడు మ్యాచ్‌లో లేని కోన్ కోసం కూడా వెతుకుతాడేమో అని అందరూ ఏడిపిస్తున్నారు. మెసేజ్ రూల్ గురువారం ఆటగాళ్ల ముందే పెడతాం, వాళ్లే తేల్చుకుంటారు.

ఒక్కటి మాత్రం తేలలేదు. అలవాటు లేనివాణ్ణి స్క్రమ్ ముందు వరుసలో పెట్టకూడదు అన్నాను. సరే అన్నాడు. కొరియర్ కుర్రాడికి డ్యూటీ పడితే తోపులాట లేని స్క్రమ్ అడుగుదామన్నాను. దానికి మాత్రం ససేమిరా అంటున్నాడు.

కబడ్డీ_మాస్టారు · #19

మరి ఎవణ్ణి పెడతాడట?

దక్షిణ_గోళం · #20

తనే దిగుతాడట. ఒకప్పుడు ప్రాప్‌గా ఆడాడు, అది నిజమే. వయసు ఇప్పుడు యాభైకి దగ్గర.

మోకాలి_డాక్టర్ · #21

ఆడినవాడే కాబట్టి వద్దనను. మెడ ఎక్సర్‌సైజులు మాత్రం ఇవాళ్టి నుంచే మొదలుపెట్టమనండి. చార్ట్ మీకు విడిగా పంపిస్తున్నాను.

బెంచ్_బాబాయ్ · #22

ఆయన దిగే మ్యాచ్ ఏ రోజో చెప్పండి, లైవ్ పెట్టండి. మా అపార్ట్‌మెంట్ టీమ్ మొత్తం చూస్తాం. ప్రాక్టీస్‌కి రారు గానీ దానికి అందరూ వస్తారు.